నల్లకాగితం గదిలో ఇంగ్లీషు సినిమా

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే మా వెనకగది నిండిపోయేది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా వరస పిల్లలంతా అక్కడే... ఊరగాయ జాడీల పక్కన, బియ్యం బస్తా మీద, పరిచిన గోనెసంచుల మీద.

పోలీసు యాక్షన్ రోజుల్లో బాంబుల విమానాలొస్తాయన్న భయంతో, వెలుగు బయటికి కనపడకుండా నాన్న ఆ గది కిటికీకి నల్లకాగితం అంటించారు. అంతా సద్దుమణిగాక దాన్ని తీసే తీరిక ఎవరికీ దొరకలేదు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో చీకటే. కాగితానికి ఒకచోట చిరుగు... దాంట్లోంచి ఒక్క వెలుగుచార.

ఆ చార సరిగ్గా సగం మొహం మీద పడేలా కూర్చునేది కరుణ.

కరుణ వాళ్ళది పక్క క్వార్టరు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. వాళ్ళ చిన్నాన్నకి ఇంగ్లీషు సినిమాల పిచ్చి. శనివారం మ్యాట్నీకి, కంటోన్మెంటు సిపాయిలు వెళ్ళే థియేటరుకి, కరుణని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. మర్నాడు చర్చి నుంచి వచ్చి, భోజనం కాగానే కరుణ ఆ కథ మాకు చెప్పేది.

అన్నీ హత్యల కథలే... తడిసిన రోడ్లు, టోపీ కళ్ళ మీదికి లాక్కున్న మగవాళ్ళు. మనిషి కంటే ముందు గోడ మీద నీడ వచ్చేది. అందరికన్నా అందమైన మనిషే అబద్ధమాడేది... ఆఖరికి రైలెక్కి వెళ్ళిపోయేది. దెయ్యం కథలో దెయ్యం వస్తేనే భయం... ఈ కథల్లో ఎవరూ రాకపోయినా భయం. తలుపు గొళ్ళెం మెల్లగా కదిలిందని కరుణ అంటే, మేమంతా మా గది గొళ్ళెం వైపు చూసేవాళ్ళం.

నాకు మాత్రం కడుపు మంట.

గది మాది... కాగితం మా నాన్న అంటించింది... ఆఖరికి కరుణని ఆనుకుని కూర్చున్న విజ్జి కూడా నా సొంత చెల్లెలే! అంతకుముందు నా పరికిణీ పట్టుకుని తిరిగిన పిల్ల... ఇప్పుడు "జెర జరుగక్కా, కరుణక్క కనిపిస్తలేదు" అని నన్నే పక్కకి తోసేది.

నేనూ కథలు చెప్పబోయాను. నాదంతా పద్ధతి. మొదట ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ఎవరికి ఎవరేమవుతారు... ఏదీ వదిలేదాన్ని కాదు. సగంలోనే విజ్జి ఆవలించేది. ఎవరూ లేనప్పుడు కరుణ చోట్లో కూర్చుని చూశాను. వెలుగు కంట్లో పడి తుమ్మొచ్చింది. అంతే.

ఒక ఆదివారం కరుణ కొత్త కథ ఎత్తుకుంది. బాగా డబ్బున్నాయన మేడమెట్ల మీది నుంచి పడి చచ్చిపోతాడు. మెట్ల కింద ఆడవాళ్ళ చేతితొడుగు దొరుకుతుంది... ఒక్కటే. ఆరా తీయడానికి వచ్చిన పోలీసు అధికారి ఆ ఇంటావిడ మీదే మనసు పడతాడు. ఆవిడేమో కోటు జేబుల్లోంచి చేతులు తియ్యదు...

"మల్ల తీసిందా? తీసిందా అక్కా?" అని విజ్జి.

"వచ్చే ఆదివారం చెప్తా" అని లేచిపోయింది కరుణ.

ఆ వారంలోనే నిజామాబాద్ నుంచి మా మామయ్య వచ్చాడు. "ఏం గావాల్నే పిల్లా?" అని అడిగితే గాజులు కాదు, రిబ్బన్లు కాదు... ఆ సినిమా అన్నాను. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కన్నార్పకుండా చూశాను. ముగింపుకి భాష అక్కర్లేదు కదా. అవే మెట్ల మీద ఆ అధికారి ఆవిణ్ణి కాల్చాడు. దొర్లుకుంటూ కిందికొచ్చి పడింది. ఆవిడ చేతికి రెండో తొడుగు.

ఇక ఆదివారం ఎప్పుడొస్తుందా అని... విజ్జి లేచి వచ్చి నా పక్కన కూర్చోవడం కూడా ఊహించేసుకున్నాను.

ఆదివారం కరుణ చెప్పింది. "రైలు కదిలింది. ఆయన ప్లాట్‌ఫారం మీద పరిగెత్తాడు, చేతిలో ఆ ఒక్క తొడుగు... ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. వట్టి చెయ్యి. ఊపలేదు. అట్టా చూపించింది, అంతే. రైలు వెళ్ళిపోయింది."

సరిగ్గా అప్పుడే బయట ఇంజను కూత వేసింది... అది కూడా కరుణ పక్షమే!

"అబద్ధం!" అని లేచాను. "ఆమె సచ్చిపోయింది. మెట్ల మీదనే కాల్చిండు. నేను చూసిన."

"గట్లెట్ల సచ్చిపోతది? నువ్వు పండుకున్నవేమో అక్కా!" అంది విజ్జి. అందరూ గొల్లున నవ్వారు.

కరుణ నవ్వలేదు.

పిల్లలంతా వెళ్ళాక గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "నిజంగా చచ్చిపోయిందా సుశీలా?"

"నువ్వు చూడలేదా?"

"శనివారం సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు కదా... హార్మోనియం మా చిన్నాన్నే వాయించాలి. ఎప్పుడూ ఆఖర్లో లేచి పరిగెత్తుకొచ్చేస్తాం. ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదు. నువ్వెంత అదృష్టవంతురాలివే!"

అంటే... ఇన్నాళ్ళూ మేం విన్న ముగింపులన్నీ ఆ పిల్ల అల్లినవే. అందుకే ఆ కథల్లో అందరూ ఆఖరికి రైలెక్కేవాళ్ళు! రైల్వే క్వార్టర్స్ పిల్లకి తప్పించుకునే దారి ఇంకేం తెలుస్తుంది?

నా కడుపు మంట రెట్టింపైంది. చూసి చెప్తోందనుకున్నంత కాలం, నేనూ చూస్తే చెప్పగలను అనుకునేదాన్ని. ఇప్పుడా ఆశ కూడా పోయింది.

ఈ సంగతి విజ్జికి చెప్పలేదు. మంచితనంతో కాదు... చెప్తే కరుణ ఇంకా గొప్పదైపోతుంది.

ఇప్పుడు ఆ కాలం నాటి నలుపు తెలుపు సినిమాలు ఎన్ని కావాలంటే అన్ని, ఫోన్లోనే. వంటిల్లు సర్దేసి, కిటికీ తెరలు లాగేసి చూస్తాను. ఎవరు చంపారో ముందే కింద కామెంట్లలో ఎవరో రాసి పెడతారు... చదవను. చివర్లో సినిమా ఆపేసి కళ్ళు మూసుకుంటాను. ప్లాట్‌ఫారం వస్తుంది, రైలు వస్తుంది... ఆవిడ ఏం చెయ్యాలో మాత్రం తోచదు. మళ్ళీ బటన్ నొక్కి, వాళ్ళు తీసిన ముగింపే చూసేస్తాను.

మీ వాడకట్టులో సినిమా కథ చెప్పే కరుణ ఎవరు? రాయండి... అప్పుడు మీ చెల్లెలు ఎవరి పక్కన కూర్చునేదో, అదీ రాయండి.