కగోరో అరాలి గారి లైసెన్సు

ప్రపంచంలో మొట్టమొదటి డ్రైవింగ్ లైసెన్సు మా కగోరో అరాలి గారిదే. సరే, ప్రపంచం అంటే కాస్త ఎక్కువైంది. ఫోర్ట్ పోర్టల్ ఊళ్లో మొదటిది. అదీ ఒప్పుకోరంటే మా కొండవీధిలో రెండోది. మొదటిది చర్చి ఫాదర్ గారిది. కానీ ఫాదర్ గారు తన లైసెన్సు ఎవరికీ చూపించేవారు కాదు. అరాలి గారు అందరికీ చూపించేవారు.

పోస్టాఫీసులో స్టాంపు కొనడానికి వెళ్లినా లైసెన్సు తీసేవారు. పిల్లనడగడానికి వెళ్లినప్పుడు కాబోయే మామగారు "కన్యాశుల్కం ఇవ్వడానికి ఎన్ని ఆవులున్నాయి నాయనా?" అంటే దాన్నే తీసి చేతిలో పెట్టారు. "ఇది పూటకెన్ని పాలిస్తుంది?" అన్నాడట ఆయన. చర్చిలో సత్ప్రసాదం వరసలో నిలబడ్డా అలవాటుగా చెయ్యి కోటు జేబులోకి పోయేది. "నోరు తెరువు అరాలీ, దేవుడికి కాగితాలక్కర్లేదు" అని విసుక్కునేవారు ఫాదర్.

ఇంతా చేసి, ఆయనకు కారు నడపడం రాదు.

పరీక్ష రోజున కారు స్టార్ట్ కాలేదట. నలుగురు కలిసి కొండమీదికి తోశారు. అరాలి గారు స్టీరింగు పట్టుకుని, పరీక్ష పెట్టే ఆయన కళ్లు మూసుకుని, ఇద్దరూ జారుకుంటూ కిందికొచ్చారు. ఎవరూ చావలేదు గనక లైసెన్సు ఇచ్చేశారు. తర్వాత ఆయన ఒక పాత ప్యూజో కారు కొన్నారు గానీ దాన్ని ఎవరెవరో నడిపేవారు. ఆయన మాత్రం ఎడమ సీట్లో, టోపీ ఒళ్లో పెట్టుకుని, లైసెన్సున్న మనిషిలా కూర్చునేవారు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నన్ను చదివించిన కాన్వెంటు సిస్టర్లే తమ బడిలో టీచరు ఉద్యోగమిచ్చి పదకొండు వారాలైంది. అరాలి గారు మా నాన్నకు స్నేహితుడు, నాకు మామ. ఒక శనివారం, టైపు నేర్పే కొత్త టీచరమ్మ బజారుకొస్తుందని తెలిసి ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"మామా, కారు నేను నడుపుతాను. బజారు దాకా, పది నిమిషాలు."

"ఒరే అత్వోకీ, నీకు లైసెన్సుందా?"

"మీకుంది కదా!"

ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, తాళాలు నా మీదికి విసిరేశారు. ఆ ముసిముసి నవ్వు చూసి నేను గెలిచాననుకున్నాను. ఆయన ఎప్పట్లాగే ఎడమ సీట్లో ఎక్కి కూర్చున్నారు.

బజారు వాలులో సైకిలు మీద నాలుగు అరటిగెలలు కట్టుకుని తోసుకెళుతున్న మనిషిని గుద్దేశాను. గెలలు వాలంతా దొర్లాయి. మనిషి కింద, సైకిలు పైన. నేను దూకి అతని దగ్గరికి పరిగెత్తాను.

మా తోరో తెగలో ప్రతివారికీ అరాలి, అత్వోకి లాంటి ఒక ముద్దుపేరుంటుంది. అది అడక్కుండా మాట కలపడమంటే మొరటుతనం. తిట్టాలన్నా ముందు అది అడగాలి.

"మీ ముద్దుపేరేమిటి బాబూ?" అన్నాడు కింద పడ్డవాడు, మూలుగుతూ.

"అత్వోకి. మీది?"

"అపూలి. అత్వోకి గారూ, మీరు నా విరిగిన కాలి మీద నిలబడ్డారు."

అంతలో పోలీసు వచ్చాడు. లైసెన్సు లేకుండా మనిషిని గుద్దితే జైలు ఖాయం. సిస్టర్లు నన్ను గుమ్మం తొక్కనివ్వరు. అంతకంటే ఘోరం, నడిపినవాడికి లైసెన్సు లేదని తెలిస్తే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. అపూలి కాలు బాగుచేయించే దిక్కుండదు.

"ఎవరు నడిపారు? లైసెన్సేదీ?" అన్నాడు పోలీసు.

వెనక్కి తిరిగి చూద్దును కదా, అరాలి గారు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు! ఎప్పుడు జరిగారో, ఎలా జరిగారో. లైసెన్సు రెండు చేతులతో పట్టుకుని, పెళ్లికొడుకులా వెలిగిపోతున్నారు.

"ఇదిగో నాయనా. నేనే."

ఇరవై ఏళ్లలో ఆ కాగితం అడిగిన మొదటి మనిషి ఆ పోలీసే. ఆ ఆనందంలో నోరు జారారనుకున్నాను. రేపు ఆయనే నిజం చెబుతారులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రేపు వచ్చింది, వెళ్లింది.

కోర్టుకు ఊరంతా వచ్చింది. ఆయనకు నడపడం రాదని ఊరంతటికీ తెలుసు. తెలియనిది దేశం తూర్పు నుంచి కొత్తగా వచ్చిన జడ్జిగారికొక్కరికే.

"ఏ గేరులో ఉన్నారు?" అడిగిందావిడ.

"ఉన్నవాటిలో మంచిదాంట్లో ఉన్నానమ్మా."

బెంచీలన్నీ ఒక్కసారిగా దగ్గాయి.

"బ్రేకు వేశారా?"

"అన్నిటికంటే ముందు అదే వేశాను తల్లీ. ఈ చేత్తోనే."

మా పిన్ని నవ్వాపుకోలేక తలగుడ్డ నోట్లో కుక్కుకుంది. తర్వాత అపూలిని చంకకర్రల మీద తీసుకొచ్చారు.

"నడిపిందెవరో చూశావా?"

అతను అరాలి గారిని చూశాడు. నన్ను చూశాడు. చాలాసేపు నన్నే చూశాడు.

"నా ముందు నాలుగు గెలలున్నాయమ్మా. నాకు కనబడింది అరటికాయలే."

నేను లేచి నిలబడాల్సింది. ఊళ్లో నోరు లేనివాళ్ల తరఫున కూడా మాట్లాడేవాణ్ణి, ఆ రోజు మూడో బెంచీలో నా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను.

జరిమానా వేశారు. లైసెన్సు శాశ్వతంగా రద్దు చేశారు. గుమాస్తా చెయ్యి చాచాడు. అరాలి గారు దాన్ని తీసి, కోటు అంచుతో తుడిచి ఇచ్చారు.

"మడత దగ్గర కాస్త నలిగింది. మెల్లిగా పట్టుకో నాయనా."

ఇంటికి నడుస్తూ అడిగాను, "ఎందుకిలా చేశారు మామా?"

"ఇరవై ఏళ్లు దాన్ని కూర్చోబెట్టి మేపానురా. ఒక్కరోజైనా పని చెయ్యొద్దా?"

అపూలి కాలు అతుక్కుంది. నా ఉద్యోగం నిలిచి, హెడ్మాస్టరుగా దిగిపోయేదాకా సాగింది. టీచరమ్మ ఆ శనివారం బజారుకే రాలేదట. అరాలి గారి చెయ్యి మాత్రం ఇంకో పదేళ్లు కోటు జేబులోకి పోతూనే ఉండేది. లోపల ఏమీ తగలక, కాసేపు ఆగి, బయటికొచ్చేది. అది చూసినప్పుడల్లా నేను వేరేవైపు తిరిగేవాణ్ణి.

ఇన్నాళ్లకు ఈ సంగతి రాసి, నిన్న ఆయన ఇంటికెళ్లి చదివి వినిపించాను. తొంభై దాటినా చెవులు బాగానే ఉన్నాయి. చివరిదాకా విన్నారు.

"ఎన్ని కోతలురా అత్వోకీ! సిస్టర్లు నీకు అబద్ధం పాపమని చెప్పనేలేదా?" అన్నారు. "ఆ రోజు కారు నడిపింది నేను. నువ్వసలు కారులోనే లేవు."