ఎండాల్సిన వరుసలు

తొంభైలలో ఢిల్లీలో నా ఉద్యోగం ఏమిటని అడిగితే, టమాటా మొక్కలు చస్తాయా బతుకుతాయా అని చూడడం అని చెప్పేదాన్ని. మా చుట్టాలకి అంతకంటే వివరం అక్కర్లేదు.

మట్టిలో ఉండే ఒక రకం బూజు వేళ్ళలో చేరితే, ఎంత నీరు పెట్టినా మొక్క వాడిపోతుంది. అదే మట్టిలో మేలు చేసే బాక్టీరియా కూడా ఉంటుంది. దాన్ని ల్యాబులో పెంచి, సుద్దపొడిలో కలిపి, నీళ్ళతో వేళ్ళకు పట్టిస్తే బూజును దరిచేరనివ్వదు. చేలో కూడా పనిచేస్తుందని చూపిస్తేనే మా ప్రాజెక్టు నిలిచేది. నా టెంపరరీ ఉద్యోగం కూడా దాంతోపాటే.

ఘాజియాబాద్ అవతల ఒక రైతు ఆవిడ చోటిచ్చింది. అంతకుముందు ఏడు ఆవిడ తోట మొత్తం ఎండిపోయింది. ఢిల్లీలో నేనుండే ఆర్.కె. పురం నుంచి బస్సులు మారి అక్కడికి చేరేసరికి నా ఒంట్లో ఓపిక ఉండేది కాదు. చలి తగ్గాక నారు నాటాం. సగం వరుసలకు పొడి పట్టించి, మిగతా సగం ఉత్తినే వదిలేశాం. అవి ఎండితేనే కదా పొడి గొప్పతనం తెలిసేది. తర్వాత నెలనెలా నీళ్ళలో కలిపి పోయమని కొంత పొడి ఆవిడకే ఇచ్చి, "ఆ పక్క వరుసల జోలికి మాత్రం వెళ్ళకు దీదీ" అన్నాను.

"అచ్ఛా బిటియా" అంది, సరే తల్లీ అన్నట్టు.

ఏప్రిల్ ఎండలో వెళ్ళి చూస్తే తోటంతా పచ్చగా ఉంది. ఎండాల్సిన వరుసలు కూడా. కొత్త కోడలి వంటలో వంకలు వెతికే అత్తగారిలా, ఒక్క పసుపు ఆకైనా దొరుకుతుందేమోనని ప్రతి మొక్కా తిప్పి చూశాను.

"వాటికీ తలా కాస్త పోశాను బిటియా" అంది ఆవిడ నవ్వుతూ. "ఒక పిల్లకి పెట్టి ఇంకో పిల్లని పస్తు పడుకోబెడతామా?"

కోపం వచ్చింది. చాలా వచ్చింది. అరిచే ఓపిక లేదు. అయినా పచ్చటి తోటను చూపించి ఎవరినైనా ఏమని తిడతాం?

మా పెద్ద సైంటిస్టు నేను రాసిచ్చిన కాగితాలు పక్కకి నెట్టారు. "ఈ ఏడు ఆ మట్టిలో బూజే లేదేమో. ఉందని ఎలా చూపిస్తావు? ఇది పంటేగానీ ఫలితం కాదు" అన్నారు. ప్రాజెక్టు ఆగిపోయింది.

వరుసల దగ్గర పాతిన గుర్తు కర్రలు తెచ్చుకోవడానికి ఆఖరిసారి వెళ్ళాను. ఆవిడ సంచీ నిండా టమాటాలు పోసి, "వచ్చే ఏడు పొడి ఇంకాస్త ఎక్కువ తీసుకురా" అంది.

"ఇక ఉండదు దీదీ. ఆపేశారు."

"అదేంటి? బాగా పనిచేసిందిగా?"

నువ్వు ఆ పక్క వరుసలకి పోసిన పొడినీళ్ళవల్లే ఆపేశారని చెప్పలేదు. పైవాళ్ళ ఇష్టం అన్నాను. ఆవిడ సంచీ మూతి ముడేసి నా చేతికిచ్చింది.

"అయితే వచ్చే ఏడు టమాటా వెయ్యను" అంది.