వంకాయ వద్దన్న కర్నలు గారు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మాట, మా గోదావరి వైపు డాక్టరు గొప్పతనాన్ని ఆయన మానిపించే కూరలతో కొలిచేవారు. రెండు కూరలు మానిపిస్తే మామూలు డాక్టరు, నాలుగు మానిపిస్తే మంచి హస్తవాసి, ఉప్పూ కారం కూడా ఆపేస్తే ఇక ఆయన ఫొటో దేవుడి గదిలోకి వెళ్ళిపోయేది. ఈ సంగతి తెలియని ఒకే ఒక్క సర్జను రాజమండ్రిలో ఆసుపత్రి పెట్టారు. కొత్తగా ఎంబీబీఎస్ పాసైన నేను వెతుక్కుంటూ వెళ్ళి ఆయన దగ్గరే డ్యూటీ డాక్టరుగా చేరాను. ఆయన పుట్టింది సామర్లకోట పక్కనే అయినా చదువుల కోసం చిన్నప్పుడే ఊరు వదిలి, ఆ తర్వాత మిలటరీలో చేరి, సరిహద్దుల్లో డేరాల కింద జవాన్లకు ఆపరేషన్లు చేసి, కర్నలుగా రిటైరై వచ్చిన మనిషి. (ఎదురుగా మేమంతా సార్ అనేవాళ్ళం, వెనకాల ఏమనేవాళ్ళమో ఇక్కడ అనవసరం.) ఆయన రౌండ్సుకు వస్తుంటే రోగులు మంచాల మీద సర్దుకుని కూర్చునేవారు, తోడొచ్చినవాళ్ళు చాపలు చుట్టేసి గోడవారన నిలబడేవారు. చేతిలో పని మాత్రం బంగారం. ఆయన వేసిన కుట్టు చూస్తే రవికలు కుట్టే దర్జీకైనా సిగ్గేసేది.

ఒక వానాకాలం, గోదారి ఎర్రబడిన రోజుల్లో, నిడదవోలు వైపు నుంచి ఒక పెద్ద రైతు హెర్నియాతో వచ్చారు. వెంట ఆయన అక్కగారు. మనిషి సన్నం, గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకు వినపడేంత. ఆపరేషన్ దివ్యంగా జరిగింది. ఇంటికి పంపేరోజున ఆవిడ చేతులు కట్టుకుని, "పథ్యం ఏంటండీ డాక్టరు గారూ?" అని అడిగారు.

"పథ్యం ఏమీ లేదు."

"వంకాయండీ?"

"తినొచ్చు."

"గోంగూర?"

"తినొచ్చమ్మా. అన్నీ తినొచ్చు. ఆయనకి ఏది ఇష్టమైతే అది పెట్టండి."

మా వైపు డాక్టర్లు ఆ ఆఖరి మాట ఒక్క సందర్భంలోనే అంటారు. బంధువుల్ని వరండాలోకి పిలిచి, కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి అంటారు. కర్నలు గారు కళ్ళజోడు తీయకుండా, రోగి ఎదుటే, నవ్వు మొహంతో అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయారు. అక్కగారు పైట చెంగు కళ్ళకద్దుకున్నారు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్న పెద్దాయన అవి విప్పేసి మళ్ళీ పడుకున్నారు.

మర్నాడు నిడదవోలు నుంచి వచ్చిన పాసింజరులో సగం మా ఆసుపత్రిలోనే దిగింది. అందరి చేతుల్లోనూ క్యారేజీలు. మా వైపు మనిషి బతుకుతాడనుకుంటే బ్రెడ్డూ బత్తాయిలూ తెస్తారు. వీళ్ళు పూతరేకులు, కాజాలు, గుత్తివంకాయ, ఆఖరికి అంత ఖరీదైన పులస చేప పులుసు కూడా తెచ్చారు. పులస చూశాక పెద్దాయనకు మిగిలిన ఆశ కూడా పోయింది. అన్నీ తినమన్న మనిషి ఏదీ ముట్టుకోవడం లేదు. నా చెయ్యి పట్టుకుని, "ఉన్న మాట చెప్పెయ్యండి బాబూ. నాకింకా ఎంత టైముంది?" అన్నారు.

"పన్నెండింటి బస్సుకైతే గంటుందండి," అన్నాను.

నేను చెప్పింది బస్సు సంగతి. ఈ మాట అప్పుడు ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు మీరూ నమ్మకపోవచ్చు. గంట అన్న మాట మాత్రమే ఆయన చెవిన పడింది. పొలం గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముణ్ణి దగ్గరకు పిలిచి, "ఒరే, ఆ పొలం గట్టు నువ్వే తీసుకో. నాకెందుకింక," అని భోరుమన్నారు. తమ్ముడు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. పాసింజరంతా కలిసి ఏడ్చింది.

నేను పరుగున వెళ్ళి చెబితే కర్నలు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "లేని పథ్యం నన్ను చెప్పమంటావా? డేరాలో, లాంతరు వెలుగులో, బయట మంచు పడుతుంటే కడుపులు కుట్టానయ్యా. ఒక్క జవానైనా వంకాయ గురించి అడగలేదు."

"అక్కడ వంకాయలు దొరికి ఉండవు సార్."

"నీ నోటికి కుట్లు వేస్తాను. నా కుట్టు వంకాయకు భయపడదు. పోయి చెప్పు."

"వంకాయకు సరే సార్. ఏడుపుకు? పెద్దాయన పొట్ట పట్టుకుని ఎక్కిళ్ళు పెడుతున్నారు. అది పచ్చి కుట్టు."

ఆ మాటకు మాత్రం ఆయన మొహం మారింది. తుపాకీ గుళ్ళకు చెదరని పనితనం వెక్కిళ్ళకు చిరిగిపోతుందంటే ఏ సర్జను ఊరుకుంటాడు? వార్డులోకి దూసుకువెళ్ళి, క్యారేజీ మూత ఎత్తి, "ఎవరు తెచ్చారిది? వంకాయ ముక్క నోట్లో పెట్టావంటే మళ్ళీ కోస్తాను," అని గర్జించారు.

ఏడుపులు టక్కున ఆగాయి. అక్కగారు మెల్లిగా, "ఎన్నాళ్ళండీ?" అన్నారు.

"మూడు నెలలు."

"గోంగూర?"

"వాసన కూడా చూడకూడదు."

"పులసండీ?"

కర్నలు గారు పులుసు వైపు ఒక క్షణం చూశారు. "అసలే వద్దు. ఇక్కడ పెట్టి వెళ్ళండి."

"చూశావురా, బతికించేశారు," అని అక్కగారు పెద్దాయన తల నిమిరారు. పెద్దాయన లేచి కూర్చుని చొక్కా అడిగారు. గుండీలు పెట్టుకుంటూ తమ్ముడితో, "గట్టు మాట ఉత్తిదేరా. మత్తుమందు ఇంకా దిగలేదు," అన్నారు. (తమ్ముడు అంతదాకా పట్టుకున్న కాళ్ళు వదిలేశాడు.)

ఆ వారం నుంచి ఆసుపత్రి కిటకిటలాడింది. "కర్నలు గారు మహా కచ్చితమండి, వంకాయ పడనివ్వరు," అని కొవ్వూరు నుంచి కాకినాడ దాకా చెప్పుకున్నారు. ఆయన కుట్టు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆ ఉక్రోషం ఆయనకు చివరిదాకా తీరలేదు. "జీవితమంతా కత్తి పట్టాను, పేరు వంకాయకొచ్చింది," అని నా మీదే విరుచుకుపడేవారు. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే ఆయనకు గుత్తివంకాయంటే ప్రాణం. రోగులెవరైనా చూస్తారని ఇంట్లో కిటికీలు మూసుకుని తినేవారు.

మొన్నామధ్య నాకే హెర్నియా ఆపరేషన్ అయింది. చేసిన సర్జను మా అమ్మాయి వయసు పిల్ల. ఇంటికి పంపేటప్పుడు, "అన్నీ తినొచ్చు అంకుల్. మీకేది ఇష్టమైతే అది తినండి," అంది. ఇన్నేళ్ళుగా ఇదే మాట ఎందరికో చెప్పిన నాకు గుండె జారిపోయింది. కిటికీలు మూసిన కర్నలు గారి ఇల్లు గుర్తొచ్చింది. "ఏదైనా ఒక్కటి వద్దనమ్మా," అని బతిమాలాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "అయితే జోకులు మానేయండి. నవ్వితే కుట్లు లాగుతాయి," అంది.

ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆ పథ్యం ఇంకా నడుస్తోంది. అందుకే ఇదంతా ఇంత సీరియస్‌గా రాశాను.