డ్రైవర్ మామ గేరు చెయ్యి

మా పక్కింటి డ్రైవర్ మామ చనిపోయాడు. ఈ వాక్యం రాసి చాలాసేపు దానికేసి చూశాను. కొట్టేసి మళ్లీ రాశాను. ఎన్నిసార్లు రాసినా అదే వస్తోంది.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఆయన నన్ను తిట్టాడు. మన్సూరాబాద్‌లో మా రెండిళ్లకూ కలిపి ఒకటే గేటు. నా బైకు గేటుకు అడ్డం పెట్టానని, "అల్లుడా, గిది గేటనుకున్నవా, నీ అత్తగారి అరుగనుకున్నవా" అన్నాడు. "అల్లుడు అలిగితే బైకు అడ్డమే పెడతడు మామా" అన్నాను. ఆయన నవ్వు ఆపుకొని బైకు తనే పక్కకు జరిపాడు. పదకొండున్నరకు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ క్లాసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి మామ ఇక లేడంది. "జోకులొద్దమ్మా" అన్నాను. మా ఇంట్లో జోకులు వేసేది నేనొక్కణ్ణేనన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. ఫోన్‌లో అమ్మ ఏడుస్తూనే ఉంది. లోపల సారు జావా చెబుతూనే ఉన్నాడు. నేను వరండాలో నిలబడి, ఎనిమిదింటికి బైకు జరిపిన మనిషి పదకొండున్నరకు ఎట్ల లేకుండా పోతాడని లెక్క వేస్తూ ఉన్నాను. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినా ఆ లెక్క తేలలేదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర, విజయవాడ బస్సులు ఆగే చోట, పుస్తకంలో బస్సుల టైము రాస్తూ రాస్తూ బెంచీ మీదే పక్కకు ఒరిగిపోయాడట. గుండెపోటు. అప్పుడే వచ్చి ఆగిన బస్సులోనే, ఉన్న ప్యాసింజర్లతో సహా, దవాఖానకు తీసుకుపోయారట. ఒక్కరు కూడా దిగుతామని అనలేదట. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

పోయినవారి గురించి రాసేటప్పుడు ఆజానుబాహువు అని మొదలుపెట్టడం మర్యాద. మా మామ అయిదడుగుల రెండంగుళాల మనిషి. సీటు మీద దుప్పటి మడతపెట్టి వేసుకుంటే గాని ఆయనకు రోడ్డు కనబడేది కాదు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు విజయవాడ రోడ్డు మీద బస్సు నడిపాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఏ గుంత ఏ వానకు పడిందో చెప్పగలడు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తొణకకుండా అందించేవాడు. "బండి ఆగిందని ప్యాసింజర్‌కు కిటికీలకెల్లి చూస్తేనే తెల్వాలె. ఒంటికి తెల్వొద్దు" అనేవాడు.

పోయిన ఎండాకాలం ఆయనకు చిన్నగా పక్షవాతం కొట్టింది. మాట పోలేదు, నడక పోలేదు. ఎడమ చెయ్యి మాత్రం మొద్దుబారింది. ఇంకొకరికైతే ఎడమ చెయ్యేగా అని సరిపెట్టుకోవచ్చు. బస్సు డ్రైవర్‌కు అది గేరు వేసే చెయ్యి. దవాఖానలో రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. నాలుగు రోజులు పిసికి, అయిదో రోజు దాన్ని గోడవతల నా మీదికి విసిరాడు.

"కుక్కపిల్లకు ఇచ్చినట్టు బంతి ఇచ్చిన్రు అల్లుడా. దీంతోటి గేరు పడతదా?"

అప్పుడు నేను, ఈ పాపానికి నేనే బాధ్యుణ్ణి, నా గేమ్ డబ్బా తెచ్చి ఇచ్చాను. రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్. కాలేజీలో ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. దానికి ఎడమ పక్కన బండిని తిప్పడానికి రెండు ఏర్పాట్లున్నాయి. పైన నాలుగు దిక్కులకూ నాలుగు బటన్లు, అవి డిజిటల్. కింద బొటనవేలు ఆనించి ఎటు కావాలంటే అటు కొద్దికొద్దిగా జరిపే చిన్న గుండ్రటి బిళ్ల, అది అనలాగ్. గేమ్ మొదలుపెట్టే ముందు ఏది కావాలో ఎంచుకోవాలి. ఒకటి ఎంచుకుంటే రెండోది పనిచేయదు.

నేను పుట్టు డిజిటల్ వాణ్ణి. బటన్ నొక్కితే బండి తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. మలుపులో టకటకా నాలుగుసార్లు తట్టి దాటించేస్తాను. ఆ బిళ్లను ఏనాడూ ముట్టుకోలేదు. మామ మొదటి రోజు రెండూ చూసి, బటన్ల మీద నుంచి వేలు తీసేశాడు.

"గిది స్విచ్చు. ఏసినవా, ఏయలేదా, గంతే అడుగుతది. బండి గట్ల అడగది అల్లుడా. ఎంత అని అడుగుతది."

"ఎంతైతే ఏంది మామా, నేనే ఫస్ట్ ఒస్తున్న కదా."

"నువ్వు ఒస్తవు. నీ ఎన్క కూసున్నోళ్లు కక్కుకుంట ఒస్తరు."

అనలాగ్ సిగ్నల్ అంటే ఏమిటో మూడో సెమిస్టర్‌లో ఒక పెద్దాయన మాకు ఆరు నెలలు చెప్పాడు. నాకు అర్థమైంది మాత్రం ఈ మాటతోనే. అయినా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే రోజూ సాయంత్రం వాదించుకోవడానికి ఏం మిగులుతుంది?

ఆయన ఆడే తీరు చూడాలి. రేసులో పదిమంది దూసుకుపోతుంటే, ఈయన హారన్ ఏదిరా అని వెతికేవాడు. ఎడమ పక్క నుంచి ఓవర్‌టేక్ చేసిన కారును నల్లగొండ తిట్లన్నీ తిట్టేవాడు. ప్రతిసారీ ఆఖరున వచ్చి, "అందరినీ మంచిగ దింపి ఒచ్చిన" అనేవాడు. కానీ బండి ఎడమకు లాగేది. సీదా రోడ్డు మీద కూడా మెల్లగా ఎడమకు పోయి కంచెకు రాసుకునేది. అప్పుడు ఆయన నవ్వేవాడు కాదు. చెయ్యి దులుపుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. కాలేజీలు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు మొత్తం డిపోల్లో. సెలవులో ఇంట్లో కూర్చుని కుమిలిపోతున్న మామకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "ఇన్నొద్దులు నేనొక్కణ్ణే ఖాళీ. ఇగ డిపో డిపోనే నా లెక్క అయింది" అన్నాడు.

ఎల్‌బీ నగర్ దగ్గర హైవే మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజు నన్నూ తీసుకుపోయాడు. రోడ్డు నడిమధ్యలో పులిహోర కలుపుతున్నారు. మామ చెప్పులు విడిచి తారు మీద కూర్చుని, రోడ్డును అరచేత్తో తడిమాడు. "ఇరవై రెండేండ్లు దీని మీద తిరిగిన. ముట్టుకునుడు ఇయ్యాల్నే" అన్నాడు. తర్వాత నా సంచీలోంచి గేమ్ డబ్బా తీసి ఆడడం మొదలుపెట్టాడు. డిపో వాళ్లు చుట్టూ మూగారు.

"అన్నా, సమ్మెల ఉండి బండి తీస్తున్నవా?" అన్నాడొక కండక్టర్. "ద్రోహివి నువ్వు. రాస్కోండ్రి అన్న పేరు."

"ప్యాసింజర్లు లేరు తమ్మీ. ఖాళీ బండి డిపోల పెట్టనీకి తీస్కపోతున్న."

"అయితే ఎడమకెందుకు గుద్దుతున్నవే?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "నల్లగొండ చెయ్యి కదన్నా, ఎడమ పక్కకే పోతది" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. ఎర్రజెండాల జిల్లా మీద అది మంచి జోకే. మామ కూడా నవ్వాడు. కాసేపటికి డబ్బా నా చేతిలో పెట్టి, ఎడమ చెయ్యి ఒళ్లో దాచుకున్నట్టు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పులిహోర తెచ్చుకోవడానికి లేచాను.

సమ్మె అయిపోయింది. బస్సులు తిరుగుతున్నాయి. డ్యూటీ ఎక్కాలంటే మామ డాక్టర్ పరీక్ష పాసు కావాలి. రమ్మని కాగితం వచ్చింది. వాయిదా అడిగాడు. రెండోసారి వచ్చింది. మళ్లీ వాయిదా. మామ భార్య, మా అత్తమ్మ, గేటు దగ్గర నన్ను పట్టుకుని, "నువ్వన్న చెప్పు బిడ్డా, ఆయన చెయ్యి మంచిగయింది, పొమ్మను" అంది. చెప్పాను.

"నీ డబ్బల సీదా రోడ్డు మీద బండి సీదా పోయిననాడు పోత" అన్నాడు. "నలబై మంది కూసుంటరు అల్లుడా ఎన్క. చెయ్యి ఎడమకు గుంజుతున్నదని తెల్సి ఎక్కిననుకో, గదేం డ్రైవరి?"

"అది గేమ్ మామా. ఆటది."

"నాకు ఆటదేం కాదు."

మూడో కాగితం వచ్చినప్పుడు పరీక్షకు పోలేదు. స్టీరింగు వద్దు, కింద ఏదైనా పని ఇవ్వండని రాసిచ్చాడు. ఆ దరఖాస్తు రాసింది నేనే. మామ చెబుతుంటే, "ఎడమ చేతి బలహీనత వలన" అని చక్కటి అక్షరాలతో రాశాను. సంతకం పెట్టి, పెన్ను మూత కూడా పెట్టి ఇచ్చాడు. అట్ల ఆయనకు చౌరస్తాలో బస్సుల టైము రాసే పని వచ్చింది. ఇరవై రెండేళ్లు తను నడిపిన రూటు బస్సులు ఒక్కొక్కటే వచ్చి ఆగుతుంటే, లేచి నిలబడి టైము రాసుకునేవాడట. కూర్చుని రాయమంటే వినేవాడు కాదట. ఇరవై రోజులు చేశాడు ఆ పని.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక అత్తమ్మ గేమ్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీదే కదా, తీస్కపో." స్విచ్ వేస్తే వెలగలేదు. బ్యాటరీ పోయిందనుకుని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాను. గుంటూరు వైపు మనిషి. బంద్ రోజుల్లో షట్టర్ సగం దించుకుని పనిచేసినవాడు. కొత్త బ్యాటరీ వేసి, బటన్లన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఆగాడు.

"ఏమండీ, ఈ బిళ్ల పాడై చాలా కాలమైందే. మీరు చూసుకోలేదా?"

"పాడవడమేంటి?"

డబ్బాను బల్ల మీద పెట్టి చేతులు తీసేశాడు. తెర మీద ఉన్న గుర్తు దానంతటదే ఎడమకు పాకుతోంది. "లోపల చిన్న రబ్బరు ముక్క ఉంటుందండి. అరిగిపోయింది. ఎవరూ ముట్టుకోకపోయినా ఎడమకే లాగుతుంది. దీంతో ఎవరైనా ఆడారా?"

"ఆడారు. అయిదు నెలలు, బండ్ల రేసు."

"రోడ్డు మీదే నడిపేవారా?"

"నడిపేవారు. అప్పుడప్పుడు కంచెకు రాసుకునేది."

"అప్పుడప్పుడేనా?" ఆయన కళ్లజోడు పైకి జరిపి నన్ను చూశాడు. "నేనైతే రెండు క్షణాలు కూడా ఉంచలేనండి. ఆయనదేం చెయ్యండీ బాబూ."

మార్చమంటారా అని అడిగాడు. వద్దన్నాను. బయటికి వచ్చి, బస్టాండు గోడ పక్కన నిలబడ్డాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బటన్లు వదిలి ఆ బిళ్ల మీద నా వేలు పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది. నేను డిజిటల్ వాణ్ణి కదా. పైగా జోకులు వేశాను. పైగా దరఖాస్తు రాశాను, చక్కటి అక్షరాలతో.

మూడు రోజులు అత్తమ్మకు కనబడకుండా తిరిగాను. బైకు వీధి చివర పెట్టి నడిచి వచ్చేవాణ్ణి. చెబితే ఆమెకు ఏం ఒరుగుతుంది, చెప్పకపోతే నాకు తిండి ఎట్ల దిగుతుంది, ఈ రెండింటి మధ్య మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున పోయి, వాళ్ల ముందు గదిలో నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. నా జీవితంలో జోకు లేకుండా అన్ని మాటలు వరుసగా చెప్పింది అదే మొదలు.

అత్తమ్మ ఏడవలేదు.

"అంటే ఆయన చెయ్యి మంచిగనే ఉండె."

"ఉండె అత్తమ్మా."

"నాకు తెల్సు." గొంతు పెరిగింది. "సమ్మె అయినంక నా చెయ్యి కాలితే పదిహేనొద్దులు నాకు జడేసింది ఎవరనుకుంటున్నవ్? ఆయనే. రెండు చేతులతోటి, మూడు పాయలు. ఒక్క పాయ వదులు కాలే. ఇంకేం కావాలె, నీ చెయ్యి మంచిగయింది, పరీక్షకు పో అని మొత్తుకున్న. నేను చెప్తే వినలే బిడ్డా. నీ డబ్బ చెప్తే విన్నడు."

నేను తల దించుకున్నాను. ఆమె తిడుతుందని, కనీసం పొమ్మంటుందని ఎదురుచూశాను. "ఏది, తే" అంది.

గేమ్ పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని స్టూలు మీద పెట్టించి చేతులు ఒళ్లో పెట్టుకుంది. సీదా రోడ్డు, బండి బయలుదేరింది. ఎవరూ ముట్టుకోలేదు. బండి మెల్లగా, ఎవరో పిలిచినట్టు, ఎడమకు జరిగి కంచెకు తగిలి గీరుకుంటూ పోయింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పోయింది. మూడోసారి డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకుని, ఎడమ బొటనవేలు బిళ్ల మీద ఆనించి కుడివైపు ఒత్తింది. బండి అటు దూకింది. తగ్గించింది. ఎడమకు పోయింది. ఊపిరి బిగబట్టి ఇంకొంచెం ఒత్తింది.

బండి రోడ్డు నడిమధ్యకు వచ్చి సీదాగా సాగింది.

"గింతేనా?" అంది.

ఇంజను చప్పుడు సన్నగా వినిపిస్తోంది. తెల్లగీతలు ఒక్కొక్కటే బండి కిందికి పోతున్నాయి. అత్తమ్మ బొటనవేలు బిళ్ల మీద నుంచి తీయడం లేదు.