ఫౌజు బంగ్లా మీది ఇత్తడి బిళ్ల

మా చిన్నప్పుడు... బడికి వెళ్తూ ఫౌజు బంగ్లా దగ్గరికి రాగానే షహనాజ్ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఇద్దరం తలలు దించుకుని, పైకి చూడకుండా గబగబా దాటేసేవాళ్లం.

లక్సెట్టిపేటకు కొంచెం అవతల, గోదావరి పక్కన మా ఊరు. నిజాం కాలంలో అక్కడ ఫౌజు, అంటే ఆయన సైన్యం, ఉండేదట. వాళ్లు పోయాక మిగిలింది ఆ రాతి కట్టడం... తలుపుల్లేని గదులు, గబ్బిలాల వాసన. పెద్ద దర్వాజా పైన, సరిగ్గా నడుమ, పళ్లెమంత గుండ్రటి గుంట. చుట్టూ నాలుగు తుప్పు మేకులు.

ఒకప్పుడు అక్కడ ఇత్తడి బిళ్ల ఉండేదని, దాని మీద కిరీటం, రెండు కత్తులు ఉండేవని పెద్దవాళ్లు చెప్పేవారు. ఫౌజు పోయిన రోజే అది మాయమైంది. ఎవరు తీశారో తెలియదు. తీసినవాడి ఇల్లు నిలవదని మాత్రం ఊరంతా అనేది.

షహనాజ్ వాళ్ల తాత ఖాదర్... ఆమె దాదా అని పిలిచేది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆ బంగ్లా దగ్గరే కాపలా ఉన్నాడట గాని, ఆ ముచ్చట ఎన్నడూ ఎత్తేవాడు కాదు. మా తాత నేత మనిషి. ఇంట్లో గుంత మగ్గం... కాళ్లు గుంతలోకి దించి కూర్చుని రోజంతా నేసేవాడు. వీళ్లిద్దరూ వీధిలో ఎదురుపడితే తల ఊపుకునేవారు, అంతే.

నాకు పదకొండేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఊళ్లోకి జీపు వచ్చింది. బంగ్లాను బాగుచేసి ఏదో ఆఫీసు పెడతారట. వచ్చిన సారు ఆ ఖాళీ గుంటను చూసి, సర్కారు సొమ్ము ఎటు పోయిందని అడిగాడు. ఎవరో ఖాదర్ తాత పేరు చెప్పారు... కాపలా ఉన్నది ఆయనే, ఇత్తడిని కరిగించే కొలిమి ఉన్నదీ ఆయనకే.

మర్నాడు పొద్దున ఆయన్ని జీపు ఎక్కించుకుని పోయారు. షహనాజ్ గడపలో నిలబడి ఏడుస్తోంది. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మా తాత కూడా మగ్గం మీది నుంచి లేవలేదు... చేతులు ఆడుతున్నాయి గాని, పోగులు తెగుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి వదిలేశారు. మళ్లీ పిలుస్తామన్నారట. ఆ రోజు నుంచి ఆయనకు ఎవరూ గిన్నెలు ఇవ్వలేదు. మా అవ్వ కూడా కళాయి కోసం బయటపెట్టిన గంగాళాన్ని మళ్లీ లోపలికి మోసుకొచ్చింది.

నాలుగు రోజులు గడిచాయి. మధ్యాహ్నం తాత అన్నం తింటున్నాడు. పోగును అటూ ఇటూ తిప్పే నాడె జారి మగ్గం గుంతలో పడితే తీద్దామని దిగాను. మూలకు చెయ్యి పెడితే గోడ మట్టి పెళ్ల ఊడింది. వెనుక చల్లగా ఏదో తగిలింది. గోరుతో గీకాను... కత్తి మొన. ఇంకొంచెం గీకాను... కిరీటం.

తలెత్తితే పైన తాత. ఎంగిలి చెయ్యి అలాగే ఉంది.

"పెళ్ల మళ్ల పెట్టి మట్టి మెత్తు. ఎవలికన్న చెప్పినవంటే మీ బాపును సుత పట్టుకపోతరు" అన్నాడు.

రెండు రోజులు నేను మగ్గం వైపే పోలేదు. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా ఖాదర్ తాత దగ్గరికి పోయాను. కొలిమి చల్లారి ఉంది. గోడకు ఆనుకుని ఒక్కడే కూర్చున్నాడు.

"తాతా, గా బిళ్ల మా మగ్గం గుంతల ఉన్నది. నేను పోయి సారుకు చెప్త."

ఆయన ఉలిక్కిపడలేదు. "నాకెర్కే బిడ్డా. అండ్ల పెట్టింది నేనే" అన్నాడు.

అప్పుడు జరిగింది మెల్లగా చెప్పాడు. "ఫౌజు పోయిననాడు మా పెద్ద సారు దాన్ని విప్పి నా చేతుల పెట్టిండు, కాపాడుమన్నడు. నాకప్పుడు ఇరవై ఏండ్లు. జనం కట్టెలు వట్టుకొని ఫౌజోళ్ల కోసం దేవులాడుతుండ్రు. నేను ఉరికిన... ఒక్క మీ తాతనే తలుపు తీసిండు. మూడు దినాలు గా గుంతల ముడుచుకొని కూసున్న. మీద ఆయన నేస్తనే ఉన్నడు, ఎవలకూ అనుమానం రావద్దని."

"మరి గదే సారుకు చెప్పు తాతా."

"చెప్తే జీపు మీ ఇంటికొస్తది. గా మనిషి పేరు నా నోట్లకెళ్లి రాదు. నువ్వు సుత చెప్పకు. పో బిడ్డా, ఎండల తిరగకు."

ఇంటికొచ్చి తాతకు అంతా చెప్పాను. ఆయన రుమాలు భుజాన వేసుకుని గడప దాకా వెళ్లాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు... వీధి చివర జీపు చప్పుడు వినబడింది. తాత వెనక్కి తిరిగి వచ్చి మగ్గంలో కూర్చున్నాడు.

బడులు తెరవకముందే ఖాదర్ తాత ఇంటివాళ్లు సామాను బండికెత్తి మెట్‌పల్లి వెళ్లిపోయారు. బండి మీంచి షహనాజ్ మా ఇంటి వైపు చూసింది. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

తాత ఆ ఏడే మగ్గం మానేశాడు. ఆయన పోయాక బాపు ఆ గుంతను పూడ్చి, పైన గచ్చు చేయించి పవర్‌లూం పెట్టాడు. కింద ఏముందో బాపుకు నేను చెప్పనేలేదు.

మొన్న మెట్‌పల్లిలో ఒక పెళ్లిలో షహనాజ్ కనబడింది. జుట్టు సగం నెరిసింది. పక్కకు తీసుకుపోయి ఇన్నేళ్ల మాట బయటపెట్టాను. ఆమె నా ముఖంలోకి చూడకుండా విన్నది.

"మా దాదా పోయేముందు అంత చెప్పిండు. మీ తాత పోయి సారుకు చెప్పకున్నా సరే... మేం ఊళ్లె ఉన్నన్ని దినాలల్ల ఒక్కపూట వచ్చి దాదా పక్కకు కూసుంటే అయిపోతుండె. గంతే" అంది.



ఇప్పుడు అందరిళ్లలోనూ స్టీలు గిన్నెలే... కళాయి పూసేవాళ్లు కనబడరు. ఒక మనిషి మీద మాట పడితే జీపు కూడా అక్కర్లేదు, ఫోన్లలోనే ఊరంతా తిరిగొస్తుంది. మీ వీధిలో కూడా అలా అందరూ తలుపులు మూసుకుంటే ఒంటరిగా మిగిలిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా... గుర్తుంటే ఆయన గురించి నాలుగు మాటలు కింద రాయండి. ఆలస్యంగానైనా... ఆయన పక్కన కూర్చున్నట్టుంటుంది.