ఖాళీ డబ్బాల పద్ధతి

కరీంనగర్‌లో ఇంజనీరింగు చదువుతున్న మా చెల్లెలి మనుమరాలు పోయిన ఆదివారం వచ్చి, కార్ఖానాలో ఏ యంత్రానికి ఎప్పుడు ఏ సరుకు అందాలో ఒక్కచోట కూర్చున్నవాళ్లు నిర్ణయించడం మేలా, పనిచేసే వాళ్లకే వదిలేయడం మేలా అని అడిగింది. పాఠం కోసం అడిగిన ప్రశ్నే. నాకు మాత్రం పాత మిల్లు గుర్తొచ్చింది.

జమ్మికుంట దగ్గర ఒక సేట్ నడిపే మరమగ్గాల మిల్లుకు మా బావ, అంటే మా అక్క భర్త, మేనేజరుగా ఉన్నప్పుడు నేను అక్కడ గుమాస్తాను. ఏ మగ్గానికి ఎన్ని నూలు కండెలు పంపాలో ప్రతి ఉదయం నేనే చీటీలు రాసేవాణ్ణి. మధ్యాహ్నానికల్లా అవి తప్పయ్యేవి, ఒక మగ్గం చెడిపోయి ఆగేది, ఇంకొకటి నూలు లేక ఆగేది, గోదాములో మాత్రం అక్కరలేని రంగు కండెలు గుట్టలు పడి ఉండేవి. కండెలు చుట్టే విభాగానికి పెద్ద మా చిన్నాయన. చదువుకోలేదు గాని, మగ్గం చప్పుడు విని దాని జబ్బు చెప్పగలిగిన మనిషి. నేసేవాడు కండెలు అయిపోయిన ఖాళీ డబ్బా తిప్పి పంపితేనే, ఆ డబ్బాకు సరిపడా, అదే రంగు కండెలు చుడదామని, నా చీటీలు మానేద్దామని ఆయనే అన్నాడు. నెల రోజులు నాలుగు మగ్గాల మీద చేసి చూశాం. నూలు లేక ఒక్కటీ ఆగలేదు.

ఆ పద్ధతి మిల్లంతా పెట్టే ముందు చిన్నాయన ఒక్కటే అడిగాడు. “కొడుకా, కండెలు సీదా మగ్గం కాడికే పోతే గోదాములోళ్ల సంగతేంది?”

నేను వెళ్లి బావను అడిగాను.

“ఒక్కన్ని గూడ తీసెయ్య బామ్మర్దీ, నా మాట నమ్ము. నువ్వు జర రెండు పద్ధతులు పోల్చి రాసియ్యి, సేట్‌కు చూపెట్టాలె” అన్నాడు.

నమ్మాను. ఎవరి పనీ పోదని నేను చెబితే చిన్నాయన నన్ను నమ్మాడు, ఆయన చెబితే గోదాములో ఎత్తి దించే తొమ్మిదిమంది ఆయనను నమ్మారు. ఆ ఉత్సాహంలో, కొత్త పద్ధతిలో గోదాము పనే దాదాపు ఉండదని గొప్పగా ఒక వాక్యం రాసిచ్చాను.

దసరా ముందు ఆ తొమ్మిదిమందినీ తీసేశారు. గేటుకు అంటించిన నోటీసులో కారణంగా చూపింది నా వాక్యమే, నా పేరుతో సహా. బావ గదికి పరుగెత్తితే, ఆయన తల ఎత్తకుండానే, “రాసింది నువ్వే గద” అన్నాడు. వాళ్లను తీసేస్తానని సేట్‌కు ముందే మాటిచ్చి, ఆ తర్వాతే నన్ను రాయమన్నాడని చాలా రోజులకు మా అక్క నోరుజారింది.

చిన్నాయన ఆ సాయంత్రమే పని మానేశాడు. గేటు దాకా వెంటపడి బతిమాలాను.

“నువ్వు చేసినవంటలేను కొడుకా. గని నా నోటితోని వాళ్లకు చెప్పిచ్చినవు” అన్నాడు.

ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడ్డా ఆయన నాతో మాట్లాడలేదు. బావ మాత్రం ఎప్పుడు కనిపించినా నవ్వుతూ పలకరించేవాడు.

మన వయసు వాళ్లకు తెలుసు, అప్పట్లో ఇంటి మనిషి మాటిస్తే రాసివ్వమని అడగడానికి నోరు రాకపోయేది. చిన్నాయన పోయి ఏళ్లయింది. ఇప్పుడు సొంత తమ్ముడు ఏదైనా చేస్తానన్నా కాగితం మీద పెట్టమంటాను. వాడు నొచ్చుకుంటాడు. అది చూస్తూ కూడా, పెన్ను అందిస్తాను.