కారం డబ్బాలో షుగర్ బిళ్ళలు

అన్నం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నరసరావుపేటలో నన్నెరిగినవాళ్ళు ఈ మాట దగ్గరే నవ్వేసి పుస్తకం పక్కన పెడతారని తెలుసు. సాగర్ గేట్లెత్తిన రోజు నా కారు టాపు మీదికి మొసలి ఎక్కిందనీ, దాన్ని మాచర్ల బస్టాండు దాకా తెచ్చి మర్యాదగా దించాననీ చెప్పినవాణ్ణి నేనే. ఆ మొసలి సంగతి వేరు. ఇది మా బావ కాలి సంగతి.

నేను కారు డ్రైవర్ని. అచ్చంపేట దాటాక కృష్ణ ఒడ్డున ఒక ఆయుర్వేద రిట్రీట్ ఉంది. హైదరాబాదు నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళను సత్తెనపల్లి స్టేషన్లో ఎక్కించుకుని అక్కడ దించడం, వారం తర్వాత మళ్ళీ తెచ్చి రైలెక్కించడం నా పని. రిట్రీట్ అంటే ఏమిటో మొదట్లో నాకూ అంతుపట్టలేదు. ఆసుపత్రి అనుకుందామంటే సూదుల్లేవు, సెలైన్లు లేవు. లాడ్జి అనుకుందామంటే టీవీ లేదు, ఆఖరికి టీ కూడా లేదు. పొద్దున్నే లేపి గ్లాసుడు వేన్నీళ్ళు ఇస్తారు. బల్ల మీద పడుకోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనెతో ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి ఒకే వరసలో రుద్దుతారు. ఆ తర్వాత చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, తల ఒక్కటీ బయటుంచి, ఆవిరి పడతారు. మధ్యాహ్నం పెసరపప్పు పులగం, సాయంత్రం చేదు కషాయం, పొద్దు గూకగానే పడక. ఫోన్లు వాళ్ళే తీసి దాస్తారు. ఇంట్లో ఊరికే దొరికే వేన్నీళ్ళకూ పెందలాడే నిద్రకూ ఇంత దూరం రావాలా అని నవ్వుకునేవాణ్ణి. కానీ వచ్చినప్పుడు ముడుచుకున్న మొహాలు వెళ్ళేటప్పుడు విప్పారడం అద్దంలో నా కళ్ళతో చూశాను. అది మాత్రం కోత కాదు.

అక్కడి డాక్టరమ్మ వచ్చినవాళ్ళకు మొదటిరోజు ఒకే పాఠం చెబుతుంది. సామాను దించుతూ విని విని నాకూ నోటికొచ్చింది. ఒంట్లో మూడున్నాయి: కదిలించేది వాతం, ఉడికించేది పిత్తం, పట్టి నిలిపేది కఫం. ఒక్కొక్కరిలో ఒక్కోదాని పాలు ఎక్కువ. అది ఆ మనిషి తీరు, రోగం కాదు. ఆ పాళ్ళు తప్పితేనే రోగం. వైద్యమంటే సీసాలో మందొక్కటే కాదు. ఏం తింటున్నాం, ఎప్పుడు పడుకుంటున్నాం, ఏ కాలంలో ఎట్లా ఉంటున్నాం, అన్నీ కలిస్తేనే వైద్యం.

"మా పల్నాడు మొత్తం పిత్తమేనమ్మా. ఎండా, కారం, కోపం" అన్నాను ఒకసారి.

ఆవిడ నవ్వింది గాని కాదనలేదు.

సత్తెనపల్లి నుంచి ముప్పావుగంట దారి. ఎక్కినవాళ్ళు బెరుగ్గా ఉంటారు. వాళ్ళకు ధైర్యంగా ఉంటుందని ఒక కథ కట్టాను. గురజాల నుంచి ఒకాయన నడుం పడిపోయి, లారీలో పరుపేసి పడుకోబెడితే వచ్చాడు. ఏడో రోజు ఇంటికి పోతుంటే దారిలో ఆ లారీ టైరు పంచరైంది. ఆయనే దిగి, జాకీ పెట్టి, టైరు మార్చాడు. మొదట్లో ఒక టైరే. కొన్నాళ్ళకు రెండయ్యాయి. వానాకాలం వచ్చేసరికి లారీలో సిమెంటు లోడు కూడా చేరింది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఎవరికీ నష్టం లేని కథ అనుకున్నాను.

మా అక్క మొగుడు మాచర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. మిషను కింద నీళ్ళు పారుతూనే ఉంటాయి. చెప్పులు జారతాయని పొద్దస్తమానం వట్టికాళ్ళతో ఆ తెల్లటి బురదలో నిలబడడమే పని. షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. కిందటి ఎండాకాలం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ అరికాళ్ళు మండిపోతన్నాయంటన్నాడు. ఇంటికి రాగానే తడి గోనెసంచి మీద కాళ్ళు పెట్టుకొని కూచుంటన్నాడు. ఆ నూనెల ఆసుపత్రికి తీసుకుపోరాదా? టైరు మార్చినాయన బాగుపడ్డాడంటివి గదా."

ఆ కథ మాచర్ల దాకా నాకంటే ముందే వెళ్ళిపోయింది. ఎండాకాలం గదులు ఖాళీ. పనివాళ్ళ బంధువని డాక్టరమ్మ అయిదు రోజులకు ఒప్పుకుంది.

ఆవిడ బావ నాడి చూసింది, నాలుక చూసింది. తర్వాత కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నంత పనిచేసి, చీపురుపుల్లతో అరికాలు మీద అక్కడక్కడా గుచ్చింది.

"తెలుస్తోందా?"

"ఏంది తెలిసేది?" అన్నాడు బావ.

ఆవిడ మొహం మారింది. బిళ్ళల కవరు తెప్పించుకుని ఒక్కో షీటూ చూసింది. "ఇవి ఒక్క పూట కూడా ఆపకండి. నా కషాయం వీటికి తోడే గాని, బదులు కాదు. రోజూ రెండు కాళ్ళూ అద్దంలో చూసుకోండి. వట్టికాళ్ళతో నడవద్దు. మీకు నొప్పి తెలియడం లేదు, అదే భయం" అంది. నేను పక్కనే ఉన్నాను. ఈ మాటలు నా చెవులతో విన్నాను.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. పచ్చకామెర్లు వస్తే మేం పసరు మింగుతాం. మాచవరం వైపు ఒక ఇంట్లో తాతల నాటి నుంచీ ఇస్తున్నారు. ఆ పసరు పడ్డాక ఉప్పు, కారం, నూనె బంద్. ఇంగ్లీషు మందు ముట్టకూడదు. మందు మీద మందు పడితే మందు విరుగుతుందని మాకు పాలతో పాటు పట్టిన మాట. బావ చిన్నప్పుడు చావబోయి ఆ పసరుతోనే బతికాడట. అందుకని ఆయనకు పథ్యమంటే గుడి మెట్టంత గౌరవం.

ఆ సాయంత్రం ఇద్దరం ఒడ్డున కూర్చున్నాం. బావ కాళ్ళకు నూనె నిగనిగలాడుతోంది.

"ఒరేయ్ బామ్మర్దీ, నిజం చెప్పు. ఆ టైరు మార్చినాయన ఇంగిలీసు బిళ్ళలు మింగాడా?"

లేని మనిషి బిళ్ళలు మింగాడో లేదో నేనేం చెప్పను? ఆయనే లేడు బావా అనాల్సిన చోటు అదే. కానీ కథ చెప్పేవాడికి ఒక జబ్బుంది. ఎదుటివాడి కళ్ళు అలా పెద్దవైతే నోరు దానంతటదే ముందుకు పోతుంది.

"ఆయనా? వచ్చిన రోజే ఇదిగో, ఇక్కడ్నించే కృష్ణలోకి ఇసిరేశాడు."

"మరి డాక్టరమ్మ ఆపొద్దంటంది?"

"ఆమె అట్టా అనాలి బావా. రూలు. బస్సులో పొగ తాగరాదని రాయరూ, అట్టా" అన్నాను.

బావ గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన అడిగింది ఆటకు కాదని నాకు తట్టలేదు. తట్టినా ఆ నిమిషంలో ఆగేవాణ్ణి కాదేమో.

అయిదు రోజులూ బావ కొత్త పెళ్ళికొడుకులా గడిపాడు. ఆవిరిపెట్టెలోంచి తల బయటపెట్టి, "ఇడ్లీ పాత్రలో నన్నొక్కణ్ణే మర్చిపోయార్రోయ్" అని అరిచేవాడు. నూనె రాసేవాళ్ళతో, "ఇంకాస్త ఆవపిండి చల్లితే జాడీలో పెట్టుకోవచ్చు" అనేవాడు. అరికాళ్ళ మంట తగ్గిందన్నాడు. మాచర్ల తిరిగి వెళ్ళాక నలభై రోజులు పథ్యం పట్టాడు. కారం మానేశాడు. పల్నాడులో మగవాడు కారం మానేయడమంటే మాటలా? ఫ్యాక్టరీలో వింతగా చూసేవాళ్ళట. ఆయన చప్పిడి తింటుంటే తనకు ముద్ద దిగడం లేదని అక్క కూడా మానేసింది. కారం డబ్బా అటక మీదికెక్కింది. డాక్టరమ్మ చెప్పినవాటిలో కషాయం, పులగం, పెందలాడే నిద్ర, అన్నీ అక్షరాలా చేశాడు. చేయనివి రెండే. చెప్పుల్లేకుండా పనికి పోయాడు. రెండోది అప్పటికి మాకెవరికీ తెలియదు.

ముప్పయ్యో రోజో ఏమో, నాపరాయి జారి దాని అంచు కాలి మీద పడింది. బావకు తెలియలేదు. బురద నీళ్ళు ఎర్రబడితే పక్కవాడు చూసి చెప్పాడు. గుడ్డ చుట్టి పని చేసుకున్నాడు. వారానికి బొటనవేలు నల్లబడింది. చలిజ్వరం వచ్చి మనిషి మాట తడబడుతుంటే గుంటూరు తీసుకెళ్ళాం. అక్కడ డాక్టర్లు షుగరు చూసి, "బిళ్ళలు వేసుకుంటున్నాడా అసలు?" అని అక్కను కేకలేశారు. బొటనవేలూ పక్కవేలూ తీసేశారు. మూడు రోజులు చూస్తామనీ, ఆగకపోతే మడమ పైదాకా తీయాల్సి వస్తుందనీ చెప్పారు. నిలబడి చేసే పని తప్ప ఇంకో పని ఎరగని మనిషి. ఆ కాలి మీదే ఆయన ఇల్లు గడవాలి.

అక్క బట్టల కోసం మాచర్ల వెళ్ళింది. మర్నాడు అక్కణ్ణుంచి ఫోన్.

"ఒరేయ్, అన్నంలోకి ఏం లేక కారం డబ్బా దించానురా. మీ బావ షుగర్ బిళ్ళలు అందులో ఉన్నాయి. షీట్లు షీట్లు. ఒక్కటీ చింపలా."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నేను దాన్ని తీయనని తెలిసి అందులో దాచాడు. ఎవుర్రా ఈయనకి మానెయ్యమంది? ఆ డాక్టరమ్మేనా? ఆమె జుట్టు పట్టుకొని మాచర్ల సెంటర్లో నిలబెడతా చూడు!"

"ఆమె కాదక్కా."

"మరెవురు?"

"రా, చెప్తా" అన్నాను.

సాయంత్రానికి వచ్చింది. ఈలోగా డాక్టర్లు గాయం చూసి, ఆగినట్టే ఉంది, పాదం నిలుస్తుందన్నారు. అక్క మంచం పక్క స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. కాళ్ళ దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. లారీ లేదని, పరుపు లేదని, టైరు మార్చినాయన పుట్టనే లేదని, కృష్ణలో ఎవరూ ఏమీ విసరలేదని. సగం ఒలిచిన బత్తాయి తీసి నా మొహాన కొట్టింది. రసం కళ్ళలో పడి మండింది.

"నీ కోతలకి మా ఆయన కాలే దొరికిందంట్రా?"

వార్డంతా తిరిగి చూసింది. బావ దిండు మీంచి తలెత్తి, "ఏమే, వాణ్ణెందుకంటావ్? నోరు వాడిదైతే చెవులు నావి గదా" అన్నాడు. అక్క ఏడ్చి ఏడ్చి, చివరికి కొంగుతో నా మొహం తుడిచింది.

అన్నం మీద చెయ్యి పెట్టిన సంగతి మర్చిపోలేదు. అందుకే ఇది కూడా రాయాలి. బత్తాయి దెబ్బ అబద్ధం. నేనేమీ చెప్పలేదు.

ఆ సాయంత్రం అక్క బత్తాయి ఒలిచి, సగం బావకు, సగం నాకు ఇచ్చింది. "ఎవురో చెప్తానంటివి?" అని అడిగింది. నేను తొన నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. గింజలు ఉమ్మడానికి వరండాలోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోలేదని రెప్పలు చెబుతున్నాయి. "ఆ డాక్టరమ్మ అన్నం పెడతంది గదా, ఆమె పేరు వీడెందుకు చెప్తాడు" అని అక్క తనలో తాను అనుకుంది. బావ కళ్ళు తెరవలేదు. ఎవరి మాట విని మానేశాడో ఈ రోజు వరకూ ఆయన నోటి నుంచి రాలేదు.

పాదం నిలిచిన మాట నిజం. నిలబడే పని పోయిన మాటా నిజం. ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. అక్క మాత్రం ఇరుగమ్మ వచ్చినా పొరుగమ్మ వచ్చినా ఆ డాక్టరమ్మను దుమ్మెత్తిపోస్తూనే ఉంది. డాక్టరమ్మేమో నేను కనబడినప్పుడల్లా "మీ బావగారి కాలు ఎలా ఉంది? బిళ్ళలు వేసుకుంటున్నారా?" అని అడుగుతుంది. ఆవిడకూ నేను చెప్పలేదు. కారెక్కినవాళ్ళు బెరుగ్గా కూర్చుంటే ఇప్పుడు రేడియో పెడుతున్నాను.

అక్కకు చదువు రాదు. ఏది అచ్చయి వచ్చినా గడప దగ్గర కూర్చుని బావ చదివి వినిపిస్తాడు. ఇదీ ఆయనే చదవాలి. బత్తాయి దగ్గరికి రాగానే అక్క ఆపుతుంది, నాకు తెలుసు. "నేనెప్పుడు కొట్టానయ్యా వాణ్ణి?" అంటుంది. అప్పుడు బావకు తర్వాతి ముక్క చదవక తప్పదు.